కర్నూలులో ఒక బ్లడ్ బ్యాంకు: పరీక్షలు బాగానే ఉన్నాయి, ప్రశ్నలు అడిగే చోటే బాగా లేదు

మా అమ్మగారి ఆపరేషన్‌కు రెండు యూనిట్ల రక్తం కావలసి, గత నెలలో నేనూ మా తమ్ముడూ కర్నూలులోని ఒక ప్రైవేటు బ్లడ్ బ్యాంకుకు వెళ్లాము. నేను చెప్పబోయే లోపం ఆ ఒక్కచోటే ఉంటుందని అనుకోను కాబట్టి పేరు రాయడం లేదు.

పరీక్షల విషయంలో వారిని తప్పుపట్టలేను. నా వేలి నుంచి తీసిన రక్తపు చుక్క నీలిరంగు మైలుతుత్తం నీళ్లలో తేలకుండా అడుగుకు దిగి, హిమోగ్లోబిన్ 12.5 గ్రాములకు తగ్గలేదని రూఢి అయిన తరువాతే మంచం ఎక్కనిచ్చారు. 350 మి.లీ. పట్టాక పరీక్షలకు విడిగా నమూనా తీసి, బ్యాగుకూ గొట్టాలకూ ఒకే నంబరు చీటీలు అతికించారు. అమ్మకు మా రక్తం కాక, అప్పటికే పరీక్షలు ముగిసిన వేరే బ్యాగులు ఇచ్చారు. హెచ్‌ఐవీ, హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, సిఫిలిస్, మలేరియా పరీక్షలు చట్టప్రకారం తప్పనిసరి కనుక వాటిని ప్రత్యేకంగా మెచ్చుకోవలసిన పని లేదు గాని, అడగకముందే బ్యాగు తిప్పి చీటీ మీది ఫలితాలు, గడువు తేదీ చూపించిన టెక్నీషియన్ ఓపికను మెచ్చుకోవాలి. వైరస్ జన్యుపదార్థాన్నే పట్టుకునే న్యాట్ పరీక్ష తప్పనిసరి కాదు, దానికి అదనపు రుసుము ఉంది. మేము అది చేసిన బ్యాగులే తీసుకున్నాము.

అయితే వైరస్ సోకిన కొత్తలో ఏ పరీక్షకూ దొరకని రోజులు కొన్ని ఉంటాయి. హెచ్‌ఐవీ యాంటీబాడీలను, అంటే వైరస్‌ను ఎదుర్కోవడానికి శరీరం తయారుచేసుకునే పదార్థాలను వెతికే ఎలైసా పరీక్షకు అవి సుమారు 3 వారాలు, న్యాట్‌కు సుమారు 11 రోజులు. హెపటైటిస్ సి యాంటీబాడీలు బయటపడడానికి 2 నెలలు కూడా పట్టవచ్చు. ఆ సందులో మనల్ని కాపాడేది దాత చెప్పే నిజమే. ఇక్కడ ఆ నిజాన్ని కౌంటరు దగ్గర, నలుగురి ముందు, పెద్ద గొంతుతో అడుగుతున్నారు. నా ముందున్న కుర్రవాడి వెనకే అతని మేనమామ నిలబడి ఉన్నాడు. "పచ్చబొట్టు పొడిపించుకున్నావా బాబూ? మత్తు సూదులు? బయటి సంబంధాలు?" అని కౌంటరులోని ఉద్యోగిని చదువుతుండగానే ఆ కుర్రవాడు "ఏమీ లేవు మేడమ్" అన్నాడు, ఆమె తల ఎత్తకుండానే టిక్కులు పెట్టింది. నిజమే చెప్పి ఉండవచ్చు, కాని మేనమామ వింటుండగా వేరే జవాబు ఎవరు చెబుతారు? డబ్బుకు రక్తం ఇచ్చే పద్ధతిని సుప్రీంకోర్టు తీర్పు మేరకు 1998 జనవరి 1 నుంచి నిషేధించారు. బంధువుల మొహమాటం మాత్రం ఏ నిషేధానికీ అందదు.

లోపల అట్టపెట్టెలు పేర్చిన చిన్న గది ఒకటి ఉంది. దానిలో రెండు కుర్చీలు వేసి ఒక్కొక్కరినీ పిలిచి అడగవచ్చు కదా అంటే, "స్టాకు పెట్టుకునేకి వేరే చోటు ల్యాదు సార్" అన్నారు మేనేజరుగారు. పరీక్షలకు 5కు 4, ప్రశ్నలు అడిగే తీరుకు 1 ఇస్తున్నాను.