అప్పు యాప్ బానే ఉంది, నా 1.10 బాలేదు

నాలుగు నెలలు వాడి రాస్తున్నా, 5కి 3 స్టార్లు. డీఫై అప్పుల యాప్ ఇది, అంటే బ్యాంకు లేకుండా కోడే క్రిప్టో మీద అప్పులిచ్చే రకం, పేరు చెప్పను, ఇలాంటివన్నీ ఇంచుమించు ఒకే తీరు.

మారతహళ్లిలో ఫ్లాట్ దొరికింది, అద్దె 30 వేలు, ఓనరు 10 నెలల అడ్వాన్సు అడిగాడు, బెంగళూరు సంగతి తెలిసిందే కదా. నా దగ్గర 4 లక్షల విలువైన ఈథర్ అనే క్రిప్టో ఉంది, అమ్మితే లాభం మీద 30 శాతం పన్ను, అందుకని తాకట్టు పెట్టి 3 లక్షలకి సరిపడా యూఎస్‌డీసీ (డాలర్ విలువకి కట్టిన క్రిప్టో) తీసుకున్నా. సిబిల్ అడగలేదు, జీతం స్లిప్పు అడగలేదు, టీ చల్లారేలోపు పనైపోయింది. అందులో వంక పెట్టలేం.

గొడవంతా హెల్త్ ఫ్యాక్టర్ అనే అంకెతోనే. తాకట్టు విలువలో 83 శాతాన్ని అప్పుతో భాగిస్తే వచ్చేది అది, 1 కిందకి జారితే లిక్విడేషన్, అంటే అప్పు కింద తాకట్టు లాగేసుకుంటారు. నాది 1.10. అంటే ఈథర్ 10 శాతం పడితే చాలు, క్రిప్టోలో దానికి కారణం కూడా అక్కర్లేదు. "మ్యాక్స్" బటన్ అంత పెద్దది పెట్టి ఈ అంకెని మూలన బూడిద రంగులో పెట్టడం వాళ్ల తప్పు, చూసి కూడా నొక్కడం నాది.

ఈథర్ పడిన రోజు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో ఆఫీసు బస్సులో ఉన్నా. 1.04. కొంత కట్టేస్తే పోయేది, కానీ "మళ్లీ లేస్తుందిలే" అని ఒక ఆశ, అప్పు చేసినవాడికి ఉండే పాత జబ్బే. 1.01 దగ్గర టెన్షన్ పట్టలేక కట్టేద్దామని నొక్కితే గ్యాస్ ఫీజు (నెట్‌వర్క్‌లో లావాదేవీకి కట్టే రుసుము) అప్పటికే ఎక్కడికో పోయింది, నా ట్రాన్సాక్షన్ పెండింగ్. బస్సూ కదల్లేదు, అదీ కదల్లేదు. ఈలోపు ఏదో బాట్ (ఇలాంటి అప్పుల కోసం కాచుకుని ఉండే ప్రోగ్రామ్) నా అప్పులో సగం, లక్షన్నర, తనే కట్టేసి 5 శాతం బోనస్ కలుపుకుని 1,57,500 విలువైన ఈథర్ పట్టుకుపోయింది. పన్నుకి భయపడి నేను అమ్మని ఈథర్‌ని అది అమ్మించింది, అదీ ఆ రోజు రేటుకి!

మా నాన్న నెల్లూరులో నగలు కుదువ పెడితే వేలానికి ముందు నోటీసు వస్తుంది, గుమాస్తా ఫోన్ చేసి "వడ్డీ అయినా కట్టన్నా" అంటాడు. కోడ్‌కి ఆ మొహమాటం లేదు. నేనింకా నయం, 2020 మార్చి 12న ఈథర్ ఒక్కరోజులో 40 శాతం పైగా పడి, నెట్‌వర్క్ జామ్ అయి, మేకర్‌డావో అనే ఇలాంటి అప్పుల వేదికలో కొందరి తాకట్టు వేలంలో సున్నా బిడ్‌కి పోయింది.

జీతం రాగానే 70 వేలు కట్టి అంకెని 2 దాటించా. యాప్‌లో అలర్ట్ లేదు, వేరేచోట 1.5కి అలారం పెట్టుకున్నా. ఆ అలర్ట్ వీళ్లే పెడితే నాలుగో స్టార్ ఇస్తా.