ఈడీలో లిబరల్ ఆర్ట్స్ సీటు: లెక్క తేలాకే సంతకం

ఇది ఇళ్లలో సోదాలు చేసే ఈడీ గురించి కాదు. అమెరికా కాలేజీ అడ్మిషన్లలో ఎర్లీ డెసిషన్‌ని పొట్టిగా ఈడీ అంటారు. పన్నెండో తరగతి మొదట్లోనే, సాధారణంగా నవంబర్ 1 నుంచి 15 లోపు, ఒకే ఒక్క కాలేజీకి ఈడీ దరఖాస్తు పెడతారు. సీటిస్తే తప్పక చేరతామని ముందే రాసిస్తారు. డిసెంబర్ మధ్యకల్లా జవాబు వస్తుంది. తోటి పిల్లలు మార్చి చివరిదాకా ఎదురుచూస్తుంటే వీళ్లకి క్రిస్మస్ లోపే తేలిపోతుంది. పది సంబంధాలు చూడకుండా మొదటి ఇంట్లోనే తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిది.

విలియమ్స్, ఆమ్‌హర్స్ట్, స్వార్త్‌మోర్, పొమోనా, బోడిన్ లాంటి చిన్న లిబరల్ ఆర్ట్స్ కాలేజీల (సైన్సు, సాహిత్యం, ఆర్థికశాస్త్రం లాంటివన్నీ కలగలిపి డిగ్రీ చదివించేవి) సీటు కోసం ఈ దారి తొక్కవచ్చా అన్నదే ఇక్కడి ప్రశ్న. సరుకు మంచిదే, చెప్పిన తేదీకి చెప్పినట్టు అందుతుంది. కానీ బేరానికి చోటు దాదాపు లేదు. అక్టోబర్ లోపే ఖర్చు లెక్క తేల్చుకున్న ఇంటికి ఈడీ బాగా పనికొస్తుంది. ముందు సీటు రానీ, డబ్బు సంగతి తర్వాత చూద్దాం అనుకునే ఇంటికి మాత్రం ఇది వద్దు.

సరుకు గురించి క్లుప్తంగా. వీటిలో చాలావాటికి మొత్తం విద్యార్థులు రెండు వేలకు అటూ ఇటూ ఉంటారు. పీహెచ్‌డీ విద్యార్థులు ఉండరు కాబట్టి పాఠం చెప్పేది ప్రొఫెసరే. విలియమ్స్‌లో ట్యుటోరియల్ అనే పద్ధతి ఉంది: ఇద్దరు విద్యార్థులు, ఒక ప్రొఫెసర్. ఒక వారం ఒకరు పేపర్ రాసి చదివితే రెండోవారు దాన్ని విమర్శిస్తారు, మరుసటి వారం పాత్రలు మారతాయి. వెనక బెంచీ అన్నదే ఉండదు. మన ఇళ్లలో వెంటనే వచ్చే సందేహం ‘బీఏనా?’ అని. కంప్యూటర్ సైన్స్ చదివినా చాలాచోట్ల ఇచ్చేది బీఏ డిగ్రీయే. ఎఫ్-1 విద్యార్థి వీసా మీద చదివేవాళ్లకి 12 నెలల ఓపీటీ (తమ చదువుకి సంబంధించిన ఉద్యోగం చేసుకునే అనుమతి) తర్వాత అదనంగా దొరికే 24 నెలల స్టెమ్ (సైన్స్, టెక్నాలజీ, ఇంజినీరింగ్, లెక్కలు) పొడిగింపు, డిగ్రీ బీఏనా బీఎస్సా అన్నదాని మీద కాదు, ఆ కోర్సుకున్న సీఐపీ కోడ్ (కోర్సులను వర్గాలుగా విడదీసే ప్రభుత్వ సంఖ్య) మీద ఆధారపడుతుంది. అందుకని అడగాల్సింది కోడ్. ఇంజినీరింగే కావాలంటే స్వార్త్‌మోర్, హార్వీ మడ్, స్మిత్ లాంటి కొన్ని తప్ప మిగతావాటి జోలికి పోకపోవడం మంచిది. మూడేళ్లిక్కడ, రెండేళ్లు వేరే ఇంజినీరింగ్ కాలేజీలో అనే 3-2 పద్ధతి బ్రోచర్‌లో బాగుంటుంది గానీ, రెండో కాలేజీలో ఎయిడ్ (ఆర్థిక సాయం) లెక్క మళ్లీ మొదటికొస్తుంది.

అసలు విషయం ధర. ఫీజు, గది, భోజనం, పుస్తకాలు, ప్రయాణం అన్నీ కలిపి ఏడాదికి 85 వేల డాలర్లు దాటేసింది. నాలుగేళ్లకు మూడున్నర లక్షల డాలర్ల మాట. పైన చెప్పిన కాలేజీల్లో చాలావరకు మెరిట్ స్కాలర్‌షిప్ అన్నమాటే ఉండదు. ఇచ్చేదంతా కుటుంబం ఆర్థిక స్థితిని బట్టే. విలియమ్స్ 2022 నుంచి ఆ సాయంలో అప్పు, క్యాంపస్ ఉద్యోగం రెండూ తీసేసి మొత్తం గ్రాంటుగానే ఇస్తోంది. ఆదాయం తక్కువున్న ఇంటికి సొంత రాష్ట్రంలోని ప్రభుత్వ యూనివర్సిటీ కన్నా ఇదే చవకపడటం మామూలే. అదే డాలస్‌లోనో ఎడిసన్‌లోనో ఇద్దరూ ఐటీలో ఉన్న ఇంటికి చాలాసార్లు సాయం సున్నా. వాళ్లు పూర్తి ధర కట్టడానికి సిద్ధపడాలి, లేదా డెనిసన్, కెన్యన్, గ్రినెల్ లాంటి మెరిట్ ఇచ్చే కాలేజీలను రెగ్యులర్‌లో (కట్టుబాటు లేని మామూలు రౌండులో) చూసుకోవాలి. నాలుగు ఆఫర్లు పక్కపక్కన పెట్టి పోల్చుకునే అవకాశాన్ని ఈడీ సంతకం తీసేసుకుంటుంది.

సాయం పోను మీ ఇంటికి ఎంత పడుతుందో అంచనా చెప్పే నెట్ ప్రైస్ క్యాలిక్యులేటర్ ప్రతి కాలేజీ సైట్‌లోనూ ఉంటుంది. 2011 నుంచి ఇది చట్టప్రకారం తప్పనిసరి. వెల్స్‌లీ కాలేజీ ఆర్థికశాస్త్ర ప్రొఫెసర్ ఫిలిప్ లెవీన్ తయారుచేసిన మైఇన్‌ట్యూషన్‌లో ఇంకా తక్కువ ప్రశ్నలతో పనైపోతుంది. జీతం మీద బతికే, ఒకే ఇల్లున్న కుటుంబానికి ఇవి దగ్గరగానే చెబుతాయి. సొంత వ్యాపారం, విడాకులు, అద్దెకిచ్చిన రెండో ఇల్లు ఉంటే లెక్క తప్పుతుంది. ఇండియాలో ఉండి చదవడానికొచ్చే పిల్లలకి ఇవి దాదాపు పనికిరావు. అలాంటప్పుడు ఎయిడ్ ఆఫీసుకి మెయిల్ పెట్టి ప్రీ-రీడ్ చేస్తారా అని అడగాలి. ఈడీ వేసేవాళ్లకి ముందస్తు అంచనా రాసిచ్చే కాలేజీలు కొన్ని ఉన్నాయి. ఆ కాగితం చేతికొచ్చాక సంతకం పెట్టడం అన్నిటికన్నా క్షేమం.

తర్వాత సీఎస్‌ఎస్ ప్రొఫైల్, అంటే ఈ కాలేజీలు సాయం లెక్కకట్టడానికి అడిగే ఆన్‌లైన్ ఫారం. తెలుగువాళ్లు తడబడేది ఇక్కడే. ఇది అక్టోబర్ 1న తెరుచుకుంటుంది. మొదటి కాలేజీకి 25 డాలర్లు, తర్వాత ఒక్కోదానికి 16. అమెరికా ప్రభుత్వ సాయం ఫారమైన ఎఫ్ఏఎఫ్ఎస్ఏ ఉండే ఇంటి విలువను అడగదు, ఇది అడుగుతుంది. మియాపూర్ ఫ్లాటు, ఊళ్లో తల్లిదండ్రులిచ్చిన రెండెకరాలు కూడా మీ పేరున ఉంటే రాయాల్సిందే, ఇండియాలోవి లెక్కలోకి రావనుకోవడం పొరపాటు. చూసే ఆదాయం రెండేళ్ల కిందటిది: 2026-27 చదువుకి 2024 ట్యాక్స్ రిటర్నులు. ఆ ఏడాది కంపెనీ షేర్లు పెద్దమొత్తంలో చేతికొచ్చి, ఆ తర్వాత లేఆఫ్ అయి ఉంటే కాగితం మీద మీరు ఇంకా కలవారే. ప్రత్యేక పరిస్థితులు రాసే పెట్టెలో ఆ సంగతి తేదీలతో, అంకెలతో రాసి, లేఆఫ్ లెటర్ జతచేయాలి. ఇండియాలో ఉన్న అమ్మానాన్నల మందులకు నెలనెలా పంపే డబ్బు కూడా అక్కడే రాయాలి. కలపాలా వద్దా అన్నది కాలేజీ ఇష్టం గానీ, రాయకపోతే ఆ ప్రశ్నే రాదు. ఇంట్లో ఇంకొకరు కూడా కాలేజీలో ఉంటే కుటుంబం వాటాను తగ్గించడం ఎఫ్ఏఎఫ్ఎస్ఏలో ఇప్పుడు లేదు, ఈ కాలేజీల్లో చాలావరకు ఆ తగ్గింపు ఇంకా ఇస్తున్నాయి.

హెచ్-4 (హెచ్-1బీ ఉద్యోగి కుటుంబానికిచ్చే వీసా) మీద పెరిగిన పిల్లల సంగతి వేరు. వాళ్లు ఎఫ్ఏఎఫ్ఎస్ఏకి అర్హులు కారు, ఎయిడ్ విషయంలో చాలా కాలేజీలు వాళ్లని విదేశీ విద్యార్థుల లెక్కలోనే వేస్తాయి. ఆమ్‌హర్స్ట్, బోడిన్‌లలో పౌరసత్వం ఏదైనా సాయం అడగడం వల్ల అడ్మిషన్‌కి నష్టం లేదు. మిగతా చాలాచోట్ల విదేశీ విద్యార్థి సాయం అడిగితే అది కూడా తూకంలోకి వస్తుంది. అందుకని ‘సాయం అక్కర్లేదని టిక్కు పెట్టండి, చేరాక అడగొచ్చు’ అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. ఆ మాట వినొద్దు. అడ్మిషన్ సమయంలో అడగని విదేశీ విద్యార్థికి నాలుగేళ్లూ సాయం లేదని ఎన్నో కాలేజీలు నియమంగా పెట్టుకున్నాయి. రెండో ఏడాది ఫీజు దగ్గర ఆ టిక్కు మెడకు చుట్టుకుంటుంది.

ఈడీలో సీట్ల శాతం ఎక్కువన్నది నిజమే, కానీ ఆ అంకెను సగానికి కోసి చదవాలి. ఇవి చిన్న కాలేజీలు. ప్రతి క్రీడా జట్టుకీ కోచ్ ముందే ఎంచుకున్న ఆటగాళ్లు ఈ రౌండులోనే వస్తారు. క్వెస్ట్‌బ్రిడ్జ్ (తక్కువ ఆదాయమున్న ఇళ్ల ప్రతిభావంతుల్ని కాలేజీలతో కలిపే సంస్థ) ద్వారా వచ్చేవాళ్లని కూడా ఇందులోనే కలిపి చూపించే కాలేజీలున్నాయి. పూర్వ విద్యార్థుల పిల్లలకి మొగ్గు చూపేచోట వాళ్లూ ఇక్కడే ఉంటారు (ఆమ్‌హర్స్ట్ 2021లో ఆ మొగ్గు తీసేసింది). వీళ్లందరినీ పక్కన పెడితే మామూలు దరఖాస్తుదారుడికి మిగిలేది కొంచెం లాభం మాత్రమే. అయినా తరగతిలో సగానికి దగ్గరగా ఈ రౌండులోనే నిండిపోయే చోట ఆ కొంచెం కూడా కొట్టిపారేసేది కాదు. ఈ పద్ధతి ఫీజుల్ని పెంచుతోందంటూ 2025 ఆగస్టులో ముప్పైకి పైగా కాలేజీల మీద మసాచుసెట్స్ ఫెడరల్ కోర్టులో దావా పడింది. బేరం పోతుందన్న ఫిర్యాదు మనది మాత్రమే కాదన్నమాట.

కాగితాల పనికి వస్తే, చాలా కాలేజీలకి ఒకేచోట దరఖాస్తు పెట్టే కామన్ యాప్ ఆగస్టు 1న తెరుచుకుంటుంది. ప్రధాన వ్యాసం 650 పదాలు మించకూడదు. యాక్టివిటీలు పది, ఒక్కోదాని వివరణకు 150 అక్షరాలే. వ్యాసం మీద మూడు నెలలు కూర్చునేవాళ్లు ఈ 150 అక్షరాలను ఆఖరి రాత్రికి వదిలేస్తారు. ‘మెంబర్, హెల్ప్‌డ్ పీపుల్’ అని రాస్తే ఏం లాభం, ఎన్ని గంటలు, ఎంతమందికి, ఏం మారిందో అంకెల్లో పడాలి. ఈడీ ఒప్పందం మీద మూడు సంతకాలు ఉండాలి: విద్యార్థి, తల్లి లేదా తండ్రి, స్కూల్ కౌన్సెలర్. విజయవాడ, హైదరాబాద్ జూనియర్ కాలేజీల్లో చాలాచోట్ల కౌన్సెలర్ అనే పోస్టే ఉండదు, ఆ పని ప్రిన్సిపాల్ గారే చేయాలి. కామన్ యాప్ పంపిన మెయిల్ ఆయన స్పామ్‌లో పడి ఉంటే మూడో సంతకం లేకుండానే గడువు దాటిపోతుంది. కాబట్టి సెప్టెంబర్‌లోనే ఎదురుగా కూర్చుని ఆ లింకు తెరిపించుకోవాలి. ఇంటర్ బోర్డు ప్రిడిక్టెడ్ మార్కులు ఇవ్వదు. మొదటి ఏడాది మెమో, కాలేజీ పెట్టిన అర్ధ సంవత్సర పరీక్ష మార్కులు, వాటి కింద లెటర్‌హెడ్ మీద లెక్చరర్ల అంచనా పెడితే సరిపోతుంది.

ఇంకో చిన్న ముల్లు ఇంటిపేరు. టెన్త్ మెమోలో ముందుంటుంది, పాస్‌పోర్టులో వెనక ఉంటుంది, ఒక్కోచోట పొడి అక్షరంగా మిగిలిపోతుంది. ఎస్ఏటీ, టోఫెల్ స్కోర్లు ఒక పేరుతో, దరఖాస్తు ఇంకో పేరుతో వెళ్తే రెండూ ఒకే ఫైల్లో చేరవు, పోర్టల్‌లో ‘అందలేదు’ అనే చూపిస్తుంది. అన్నిచోట్లా పాస్‌పోర్టులో ఉన్నట్టే రాయడం మేలు.

ఫలితం అమెరికా తూర్పు తీరంలో సాయంత్రం 7కి వస్తే మనకి మర్నాటి తెల్లవారుజాము 5:30. పోర్టల్‌లో మెరుపుకాగితాలు రాలుతాయి, అభినందనల ఉత్తరం తెరుచుకుంటుంది. దాన్ని తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ముందు తెరవాల్సింది కింద ఉన్న ఎయిడ్ లెటర్. అందులో పైన రాసిన మొత్తం ఖర్చు వేరు, కాలేజీ పంపే బిల్లు వేరు. పుస్తకాలు, ప్రయాణం, చేతిఖర్చు ఆ మొత్తంలో ఉంటాయి గానీ బిల్లులో రావు. గ్రాంట్ అంటే తిరిగి ఇవ్వక్కర్లేనిది. లోన్ అని ఉంటే అది అప్పే, సాయం గడిలో ఉన్నా సరే. వర్క్-స్టడీ ముందే చేతికి రాదు, పనిచేసిన గంటలకి జీతంగా వస్తుంది, కాబట్టి ఆగస్టు బిల్లులోంచి దాన్ని తీసేసి చూసుకోకండి. హెల్త్ ఇన్సూరెన్స్ చాలాచోట్ల విడిగా పడుతుంది. అమెరికాలో తల్లిదండ్రుల పాలసీ ఉంటే వద్దని రాసివ్వచ్చు, ఇండియా నుంచి వెళ్లేవారికి ఆ వెసులుబాటు సాధారణంగా ఉండదు. ఎయిడ్ లెటర్ స్థానంలో ‘పెండింగ్’ అని ఉంటే ఐడాక్‌లో (ఆదాయం కాగితాలు ఎక్కించే సైటులో) ఏదో కాగితం తక్కువైందని అర్థం. ఎక్కువగా ఫారం-16, ఐటీఆర్, యజమాని ఇచ్చే జీతం సర్టిఫికెట్. తెలుగులో ఉన్న పొలం కాగితాలకి ఇంగ్లిష్ అనువాదం జతచేయాలి.

అంకె తక్కువైతే ఏం చేయాలి? ఇచ్చిన సాయంతో చదివించడం సాధ్యం కాకపోతే ఒప్పందం నుంచి బయటికి రావచ్చు. ఇది ఈడీ నియమాల్లోనే ఉంది, దీనికోసం కేసు పడదు, వీసా ఆగదు. కానీ ‘వేరే కాలేజీ ఎక్కువిస్తుందేమో చూస్తాం’ అన్న కారణం చెల్లదు. మొదట పునఃపరిశీలన అడగాలి, అదీ రెండు మూడు రోజుల్లోనే. చేతిలో ఇంకో కాలేజీ ఆఫర్ లేదు కాబట్టి మీ బలమంతా మీ కాగితాలే: ఆసుపత్రి బిల్లులు, పోయిన ఉద్యోగం, తగ్గిన జీతం. గుండె కరిగించే ఉత్తరం కన్నా ఒక పేజీ పట్టిక బాగా పనిచేస్తుంది. అయినా కుదరకపోతే విడుదల కోరాలి. ఇక్కడ క్యాలెండర్ కొట్టే దెబ్బ చూడండి: డిసెంబర్ 15 ప్రాంతంలో జవాబు, రెగ్యులర్ గడువులు జనవరి మొదటి వారంలో, మధ్యలో కాలేజీల ఆఫీసులకి సెలవులు. ఈడీ ఫలితం వచ్చాక రెగ్యులర్ వ్యాసాలు మొదలుపెడదామనుకున్నవాళ్లకి మిగిలేది రెండు వారాలు. వాటిని నవంబర్‌లోనే రాసి పెట్టుకోవాలి. కాకపోతే ఈడీ జవాబు వచ్చేదాకా పంపొద్దు, సీటొస్తే పదిహేను దరఖాస్తుల ఫీజు మిగులుతుంది.

మొదటి ఈడీ కాలేజీ కాదన్నా, వాయిదా వేసినా స్వార్త్‌మోర్, పొమోనా, బోడిన్ లాంటి చోట ఈడీ-2 రౌండు ఉంది. గడువు జనవరి మొదట్లో, జవాబు ఫిబ్రవరిలో, కట్టుబాటు అదే. మొదటి రౌండులో మనసు విరిగిందని రెండోదాంట్లో ధర చూడకుండా దూకేవాళ్లు ఎక్కువ. క్యాలిక్యులేటర్ ఆ కాలేజీకి విడిగా నడపాల్సిందే, ఒకే కుటుంబానికి రెండు కాలేజీల అంకెల మధ్య పది వేల డాలర్ల తేడా రావచ్చు.

ఒప్పుకున్నాక మిగిలిన పనులు చిన్నవే గానీ మరచిపోకూడనివి. యూనివర్సిటీ ఆఫ్ టెక్సాస్, పర్డ్యూ లాంటి చోట్ల వేసిన దరఖాస్తులన్నీ ఆ వారంలోనే వెనక్కి తీసుకోవాలి, ఆయా పోర్టళ్లలో విత్‌డ్రా బటన్ ఉంటుంది. మిడ్-ఇయర్ రిపోర్టు, చివరి మార్కులు కాలేజీకి వెళ్తాయి. ‘ఏ’ గ్రేడులు ‘సీ’, ‘డీ’కి జారితే వివరణ అడుగుతారు, మరీ దారుణమైతే సీటు వెనక్కి తీసుకుంటారు. ఇంటర్ రెండో ఏడాదిలో సీటొచ్చేసిందని ఫిజిక్స్ పక్కన పెట్టేవాళ్లకి ఈ మాట.

హైదరాబాద్ నుంచి వెళ్లేవారికి ఈడీ ఇచ్చే ఒక లాభం గురించి ఎవరూ పెద్దగా మాట్లాడరు. బ్యాంకు స్టేట్‌మెంట్లు ముందే ఇస్తే ఐ-20 (వీసా కోసం కాలేజీ ఇచ్చే పత్రం) త్వరగా వస్తుంది. సెవిస్ (విదేశీ విద్యార్థుల వివరాలుంచే అమెరికా ప్రభుత్వ వ్యవస్థ) ఫీజు 350 డాలర్లు కట్టి, నానక్‌రామ్‌గూడ కాన్సులేట్‌లో స్లాటు కోసం ఎంఎస్ పిల్లల రద్దీ మొదలవక ముందే వెతుక్కోవచ్చు. విద్యార్థి వీసాని కోర్సు మొదలవడానికి ఏడాది ముందునుంచే ఇవ్వవచ్చు. దేశంలోకి అడుగుపెట్టేది మాత్రం ఐ-20 మీదున్న తేదీకి 30 రోజుల ముందు నుంచే, కాబట్టి టికెట్ ఆ తేదీ చూసి కొనండి.