దోస్తుల ఆటోలో పట్టే ఆట కుర్చీ: చాలాకాలం వాడాక

ఈ బాస్కెట్‌బాల్ వీల్‌చైర్ బరువెంత, చక్రాల వంపెంత అన్నది అందరూ రాసేశారు. నాకు నచ్చింది ఒక్క మీట, అంటే వేలితో నొక్కే బటను. వెనక చక్రం నడిమధ్యలో ఉంటుంది. నొక్కి గుంజితే ఇరుసుతో సహా చక్రం చేతికొస్తుంది, స్పానర్ అక్కర్లేదు. ఫ్రేము సీటు మీద, చక్రాలు సీటు వెనక, పక్కన ఒక దోస్తు, ముందు డ్రైవర్ పక్కన ఇంకొకడు. నల్లగొండ ఆటోలో అంతా పడుతుంది. ప్రాక్టీసుకే కాదు, పొద్దుగూకినంక పానగల్లు కట్ట మీదికి పోవాలన్నా "నువ్వుండు, మేం పోయొస్తం" అనే మాట ఇక వినబడదు.

కొత్తలో దీనికి వంకే లేదనిపించింది. ఎండాకాలం దుబ్బ తగిలాక అంత ధీమాగా చెప్పలేను. ఇరుసు కొసన చిన్న ఉక్కు గుండ్లుంటాయి. మీట నొక్కితే లోపలికి పోతాయి, వదిలితే పొడుచుకొచ్చి, ఫ్రేములో ఇరుసు దూరే గొట్టం అవతలి అంచుకు తట్టుకుంటాయి. చక్రాన్ని పట్టి ఉంచేది అవే. దుబ్బ, పాత నూనె కలిసి ముద్దయితే గుండ్లు లోపలే ఇరుక్కుంటాయి. చూస్తే చక్రం కూర్చున్నట్టే ఉంటుంది, తిరుగుతుంది కూడా. ఎదుటి కుర్చీ గుద్ది ఒక పక్క లేచిందా, ఊడొస్తుంది. మా ఆటలో ఊడింది ఇలాగే. నడుము బెల్టు ఉంటుంది గనుక మనిషి, కుర్చీ కలిసే పడతారు. లేపి కూర్చోబెడితే అయిపోలేదు. నడుము కింద స్పర్శ లేకపోతే గీరుకున్నా తెలియదు, సాక్సు విప్పి మడమలు, చీలమండలు కంటితో చూడాలి. అడగకముందే ఆ పని చేసే దోస్తు టీంలో ఒకడన్నా ఉండాలి.

మీట వదిలాక పూర్తిగా బయటికి లేచిందో లేదో చూసి, చక్రాన్ని గట్టిగా గుంజండి. ఆటోలోంచి దింపి బిగించే దోస్తుకూ ఇది నేర్పండి. వారానికోసారి ఇరుసును పొడిబట్టతో తుడిచి, గుండ్ల మీద కుట్టుమిషన్ నూనె ఒక చుక్క వేయండి. గ్రీజు మాత్రం వద్దు, దుబ్బను పట్టి పెడుతుంది. చక్రం లొడలొడ ఊగితే బయటి నట్టు సరిచేయాలి, నాదానికి 19 ఎంఎం స్పానర్ పడుతుంది. మరీ బిగిస్తే గుండ్లు అంచు దాటవు, కథ మళ్లీ మొదటికే.

హబ్, అంటే చక్రం నడిబొడ్డులో ఉండే బేరింగు పోతే ఇంకో తలనొప్పి. ఇరుసు అరంగుళం, అంటే 12.7 ఎంఎం. షాపులో చేతికిచ్చే 6201 నంబరు బేరింగు బెజ్జం 12 ఎంఎం, ఇరుసు దూరదు. అరంగుళం బెజ్జమున్న ఆర్8 రకం అని అడగాలి, ఊళ్లో దొరకడం కష్టమే. టైర్ల సంగతి నయం. 25 అంగుళాల చక్రానికి రిమ్ము 559 ఎంఎం, గేరు సైకిల్ 26 అంగుళాల చక్రానిదీ అదే కొలత, దాని ట్యూబు సరిపోతుంది. కంపముల్లు దిగిన పూట ఆ సుఖం తెలుస్తుంది.

నా వేళ్లలో బలముంది కాబట్టి నాకు నడుస్తోంది. మెడ దగ్గర దెబ్బతిని వేళ్లు పట్టు తప్పినవాళ్లు ఈ మీట నొక్కలేకపోవచ్చు, బటను బదులు లివరు ఉన్న రకం ఉంటుంది, అది అడగండి. కుర్చీని విప్పకుండా ఎక్కించే సొంత వ్యాను ఉన్నవాళ్లకు మాత్రం ఈ మీట కోసం అదనంగా డబ్బు పెట్టమని చెప్పను.