సెకండ్‌హ్యాండ్ జీరో టర్న్ మోవర్: 600 గంటలు నడిపాక తేలిన లెక్క

జీరో టర్న్ మోవర్ అంటే స్టీరింగు బదులు రెండు లివర్లతో నడిపే, ఉన్నచోటే తిరగగల గడ్డికోత బండి. మాది 52 అంగుళాల డెక్ (బ్లేడ్లను కప్పే రేకు గుల్ల), రెండు సిలిండర్ల వీ-ట్విన్ పెట్రోల్ ఇంజిన్, వెనక చక్రానికి ఒకటి చొప్పున రెండు హైడ్రో ట్రాన్స్‌మిషన్లు (ఆయిల్ ఒత్తిడితో చక్రాన్ని తిప్పేవి). చేతికొచ్చేసరికి మీటరు మీద 400 గంటలున్నాయి, ఇప్పుడు 1,000 దాటింది. ఈ మధ్యలో ఏది అరిగింది, ఏది తెగింది, ఏది ఊరికే భయపెట్టింది అన్నదే ఈ సమీక్ష. పాత జీరో టర్న్ కొనేవాళ్లలో చాలామంది ఇంజిన్ చప్పుడు విని ఖాయం చేసేసుకుంటారు. ఇంజిన్ వినాల్సిందే, కానీ డబ్బు పోయేది హైడ్రోల దగ్గర. ఇంజిన్‌కు మరమ్మతు తెలిసినవాళ్లు, విడిభాగాలు సులువుగానే దొరుకుతాయి. పంపు, మోటారు ఒకే పెట్టెలో ఉండే హైడ్రో పోతే మాత్రం చాలాసార్లు మొత్తం యూనిట్ మార్చడమే దారి. రెండు వైపులా మార్చాల్సి వస్తే పాత బండి కొన్న ధరలో పెద్ద వాటా దానికే పోతుంది.

అందుకే బండి చూడ్డానికి వెళ్లేముందు అమ్మేవాళ్లకు ఒక మాట చెప్పాలి: మేం వచ్చేదాకా స్టార్ట్ చేయొద్దని. వెళ్లగానే ఇంజిన్ మీద చెయ్యి పెట్టి చూడండి. వెచ్చగా ఉంటే ఎందుకు వేడి చేశారో అడగండి. చల్లని ఇంజిన్ ఎలా అందుకుంటుందో, మొదటి పొగ ఏ రంగులో వస్తుందో చూశాక అసలు పరీక్ష మొదలుపెట్టాలి. బ్లేడ్లు ఆన్ చేసి కనీసం 20 నుంచి 30 నిమిషాలు గడ్డి కోయించాలి. చల్లగా ఉన్నప్పుడు హైడ్రో ఆయిల్ చిక్కగా ఉంటుంది కాబట్టి లోపల అరిగిన పంపు కూడా ఒత్తిడి నిలబెడుతుంది, బండి గుర్రంలా లాగుతుంది. వేడెక్కి ఆయిల్ పలచబడ్డాకే అరుగుదల బయటపడుతుంది. పావుగంట లోపు ముగిసే టెస్ట్ డ్రైవ్ ఈ బండికి పనికిరాదు.

బాగా వేడెక్కాక బ్లేడ్లు ఆపి, చిన్న వాలు మీద ముందుకు, తర్వాత వెనక్కి ఎక్కించండి. ఒక వైపు చక్రం వెనకబడి బండి పక్కకు తిరుగుతోందా? లివర్ తోసిన క్షణకాలం తర్వాత గానీ చక్రం కదలడం లేదా? లివర్ సగం నొక్కితే గుయ్యిమని మూలుగు వస్తోందా? ఇంకో పరీక్ష ఉంది. ముందు బంపరును బలమైన చెట్టు మొదలుకు మెల్లిగా ఆనించి, రెండు లివర్లూ కొంచెం కొంచెంగా ముందుకు తోయండి. ఆరోగ్యంగా ఉన్న హైడ్రోలైతే రెండు చక్రాలూ గడ్డి మీద జారుతూ తిరుగుతాయి. ఒకటి తిరుగుతూ ఇంకొకటి నిలబడిపోతే ఆ వైపు బలం తగ్గినట్టు. రెండు మూడు సెకన్లు చాలు, అంతకుమించి సాగదీయొద్దు.

అలాగని ఒక పక్కకు లాగగానే హైడ్రో పోయిందని తేల్చేయకూడదు. మొదట వెనక టైర్లు రెండింటి గాలి సమానం చేయండి. మోడల్‌ను బట్టి 10 నుంచి 15 పీఎస్‌ఐ దాకా ఉంటుంది, రెండు టైర్లలో ఒకేలా ఉండటం ముఖ్యం. రెండు పీఎస్‌ఐ తేడా ఉన్నా బండి తిన్నగా పోదు. తర్వాత లివర్ల కింద, వాటిని హైడ్రోలకు కలిపే లింకేజీ రాడ్లు చూడండి. అక్కడ నట్టు రెండు చుట్లు తిప్పితే తీరిపోయే జబ్బుకు హైడ్రో మార్చినవాళ్లున్నారు. చల్లగా ఉన్నప్పుడు తిన్నగా పోయి, వేడెక్కేకొద్దీ లాగడం పెరిగితే అప్పుడు అనుమానం హైడ్రో మీదికి పోవాలి.

అనుమానం హైడ్రో మీదికి పోయాక కూడా నాలుగు చవకైన కారణాలు తోసిపుచ్చాలి. ఒకటి, హైడ్రో బెల్టు. డెక్ బెల్టులా కాకుండా ఇది ఇంజిన్ నడుస్తున్నంతసేపూ తిరుగుతుంది, వెనక దాక్కుని ఉంటుంది కాబట్టి ఎవరూ చూడరు. అరిగి పుల్లీ గాడి అడుగుకు దిగిపోయినా, టెన్షన్ స్ప్రింగ్ సాగిపోయినా రెండు వైపులా ఒకేసారి బలం తగ్గుతుంది. రెండు చక్రాలూ కలిసి నీరసపడితే ముందు బెల్టునే అనుమానించాలి, రెండు హైడ్రోలు ఒకే రోజు పోవడం అరుదు. రెండు, ఇంజిన్ ఆగిన బండిని చేత్తో తోయడానికి తెరిచే బైపాస్ లివర్ పూర్తిగా మూసుకోకపోవడం. మూడు, ఆయిల్ తగ్గడం. నాలుగోది హైడ్రో నెత్తిన తిరిగే ప్లాస్టిక్ ఫ్యాన్. దాని రెక్కలు పుల్ల తగిలి విరుగుతాయి. నాలుగు రెక్కలు విరిగిన ఫ్యానుతో హైడ్రో వేడికి కాగిపోతుంది, అంత ఖరీదైన యూనిట్ ఒక చిన్న ప్లాస్టిక్ ముక్క వల్ల చస్తుంది. టార్చి వేసి రెక్కలు లెక్కపెట్టడానికి నిమిషం చాలు.

హైడ్రో ఆయిల్ సంగతి. మా బండి హైడ్రోలకు ఫిల్టరు బయటే ఉంది, 20డబ్ల్యూ-50 ఇంజిన్ ఆయిల్ పోయాలి. మొదటి మార్పు 100 గంటలలోపు, ఆ తర్వాత 400 గంటలకోసారి. తేలికపాటి ఇంటి మోడళ్లలో కొన్నింటికి డ్రెయిన్ గానీ ఫిల్టరు గానీ ఉండదు, జీవితాంతం అదే ఆయిల్ అన్నట్టు సీల్ చేసి ఇస్తారు. అలాంటి బండిని పెద్ద స్థలానికి, వాలు నేలకు కొనకపోవడమే మంచిదని నా అభిప్రాయం. ఆయిల్ మార్చాక గాలి తీయకపోతే హైడ్రో గరగరమంటుంది, బలం ఉండదు. పద్ధతి ఇది: వెనక చక్రాలు నేలకు తగలకుండా లేపి స్టాండ్ల మీద నిలపాలి, జాకీ ఒక్కదాన్నే నమ్మొద్దు. బైపాస్ తెరిచి, ఇంజిన్ నడుపుతూ లివర్లను ముందుకు, వెనక్కి మెల్లిగా ఐదారుసార్లు ఆడించాలి. ఇంజిన్ ఆపి, బైపాస్ మూసి, మళ్లీ స్టార్ట్ చేసి అదే పని ఇంకోసారి. ఆయిల్ మట్టం చూసి తగ్గినంత పోయాలి. చప్పుడు పోయి, రెండు దిక్కులా చక్రాలు సాఫీగా తిరిగేదాకా ఇలాగే.

గంటల మీటరును నమ్మడానికి సాక్ష్యాలు కావాలి. కొన్ని మీటర్లు ఇంజిన్ నడవకున్నా తాళం ఆన్‌లో ఉంటే చాలు తిరుగుతాయి, కొన్నింటిని మార్చేసి ఉంటారు. కాళ్లు పెట్టే రేకు మీద రంగు పోయి మెరుస్తోందా, లివర్ల రబ్బరు నున్నబడిందా, ముందు ఎటైనా తిరిగే కాస్టర్ చక్రాల బేరింగులు ఊగుతున్నాయా అని చూడండి. 200 గంటలని చెప్పిన బండికి సీటు చిరిగి, రేకు తెల్లబడి ఉంటే లెక్క తప్పింది. మరోవైపు, వృత్తిగా కోసేవాళ్లు వాడిన 900 గంటల వాణిజ్య మోడల్, పట్టించుకోని ఇంట్లో ఎండకీ వానకీ నానిన 300 గంటల బండి కన్నా మేలు కావచ్చు.

ఇంజిన్‌కు వస్తే, డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. మట్టం గీత దాటి, పెట్రోల్ వాసన కొడితే కార్బురేటర్‌లో పెట్రోల్‌ను ఆపే ఫ్లోట్ నీడిల్ మూసుకోక పెట్రోల్ లోపలికి దిగుతోందన్నమాట. అలా పలచబడ్డ ఆయిల్‌తో నడిపితే బేరింగులు తినేస్తుంది. స్టార్టులో కాస్త నీలిపొగ వచ్చి ఆగితే కంగారు లేదు, వేడెక్కాకా ఆగకపోతేనే భయం. కంప్రెషన్ గేజి పట్టుకెళ్లేవాళ్లకు ఒక సూచన: ఈ ఇంజిన్లలో చాలావాటికి స్టార్ట్ సులువు కావడానికి కంప్రెషన్ కొంత వదిలేసే ఏర్పాటు ఉంటుంది, కాబట్టి మంచి ఇంజిన్‌లో కూడా గేజి తక్కువే చూపిస్తుంది. సిలిండర్‌లోకి గాలి ఎక్కించి ఎంత కారుతోందో చూసే లీక్‌డౌన్ పరీక్షే నమ్మదగ్గది.

అదే ఏర్పాటు వల్ల వచ్చే ఇంకో తిరకాసు. తాళం తిప్పితే ఇంజిన్ అర చుట్టు తిరిగి ఠక్కున ఆగిపోతుంది, మళ్లీ తిప్పితే ఇంకో అర చుట్టు. అందరూ ముందు బ్యాటరీ మారుస్తారు, తర్వాత స్టార్టర్ మారుస్తారు. చాలాసార్లు తప్పు వాల్వు క్లియరెన్సుది. వాల్వును నొక్కే రాకర్ దగ్గర సందు పెరిగితే కంప్రెషన్ వదలాల్సిన క్షణంలో వాల్వు తెరుచుకోదు, స్టార్టర్ పూర్తి కంప్రెషన్‌ను తోయలేక ఆగుతుంది. చల్లని ఇంజిన్ మీద, కంప్రెషన్ స్ట్రోకులో, సందు కొలిచే పలచని రేకుల ఫీలర్ గేజితో సర్దుకోవాలి. చాలా ఇంజిన్లకు ఇది 0.10 నుంచి 0.15 మిల్లీమీటర్ల మధ్య ఉంటుంది, మీ ఇంజిన్ మాన్యువల్ అంకెదే తుదిమాట. వాల్వు కవరు గాస్కెట్లు ముందే తెచ్చుకోండి. 300 గంటలకోసారి ఇది చూసుకుంటే స్టార్టర్ జోలికి పోనక్కర్లేదు.

ఇంజిన్ నిజంగా చచ్చేది గడ్డి వల్ల. పైనున్న ఫ్యాన్ కవరు కింద సిలిండర్ రెక్కల మధ్య ఎండుగడ్డి నెమ్మదిగా పేరుకుని కంబళిలా కప్పేస్తుంది, పైనుంచి ఏమీ కనిపించదు. ఒక్కో సిలిండర్ విడిగా కాగి హెడ్ గాస్కెట్ పోతుంది. 100 గంటలకోసారి బోల్టులు విప్పి కవరు లేపి ఊదండి. ఎక్కువకాలం పక్కన పెట్టిన బండి అయితే ఎలుక గూడు కూడా అక్కడే దొరుకుతుంది. కొనేముందు విప్పడానికి అమ్మేవాళ్లు ఒప్పుకోకపోతే, కనీసం ప్లగ్గుల దగ్గర సందులోంచి టార్చి వేయండి. ఆయిల్, ఫిల్టరు కూడా 100 గంటలకే, దాదాపు రెండు లీటర్లు పడుతుంది. ఎయిర్ ఫిల్టరును దుమ్ము దులిపి వాడటం కన్నా మార్చడం నయం. గాలి ఊదితే కాగితానికి కంటికి కనపడని చిల్లులు పడతాయి.

డెక్ కిందికి చూడకుండా బేరం మొదలుపెట్టొద్దు. తాళంచెవి తీసి, స్పార్క్ ప్లగ్ వైర్లు ఊడదీశాకే కిందికి చెయ్యి పోవాలి. స్పిండిల్ (బ్లేడు తిరిగే ఇరుసు) బిగించే చోట చుట్టూ రేకు చీలిందా, వెల్డింగు అతుకులున్నాయా, తుప్పు పొరలుగా లేస్తోందా చూడండి. రేకును అచ్చులో నొక్కి చేసిన పలచని డెక్‌లో ఇక్కడ చీలిక కనిపిస్తే వదిలేయడమే. బెల్టు తీసి ఒక్కో స్పిండిల్‌ను చేత్తో తిప్పండి, బియ్యం నలిగినట్టు గరగరమంటే బేరింగు పోయింది. బ్లేడు కొన పట్టుకుని పైకి కిందికి ఊపితే కదలిక ఉండకూడదు. స్పిండిల్ బేరింగు మార్చడం కష్టం కాదు, దీన్ని చూపించి ధర తగ్గించమనండి, బండి మాత్రం వదులుకోనక్కర్లేదు. గ్రీజు నిపుల్ ఉన్న స్పిండిల్‌కు రెండు పంపులు చాలు. గన్నుతో అదేపనిగా కొడితే సీలు బయటికొచ్చి, ఆ దారినే ఇసుక లోపలికి పోతుంది.

కోత మెట్లుమెట్లుగా వస్తే అందరూ బ్లేడ్లు సానబెడతారు. మొదట చూడాల్సింది టైర్ల గాలి, తర్వాత చదునైన నేల మీద డెక్ మట్టం. బ్లేడును అడ్డంగా తిప్పి ఎడమ కొన, కుడి కొన ఎత్తు కొలిస్తే తేడా 3 మిల్లీమీటర్లు దాటకూడదు. బ్లేడును పొడవునా తిప్పి కొలిచినప్పుడు ముందు కొన వెనక కొన కన్నా 3 నుంచి 6 మిల్లీమీటర్లు కిందికుండాలి. సాన సుమారు 25 గంటలకోసారి, ఇసుక నేలైతే ఇంకా ముందే. ఆకురాయితో గానీ గ్రైండర్‌తో గానీ అసలున్న కోణంలోనే పట్టాలి. కత్తిలా పలచగా చేస్తే మొదటి గులకరాయికే అంచు మడిచిపోతుంది. తర్వాత బ్లేడు మధ్య రంధ్రాన్ని మేకుకు తగిలించి చూడండి, ఏ వైపు వాలితే ఆ వైపు వెనక నుంచి కాస్త రుద్దాలి. బరువు సరిపోని బ్లేడు స్పిండిల్ బేరింగును తినేస్తుంది.

బ్లేడ్లను కలిపే ఎలక్ట్రిక్ క్లచ్ ఈ బండిలో ఒకసారి సతాయించింది: చల్లగా ఉంటే పట్టుకునేది, అరగంటకు వదిలేసేది. అరిగేకొద్దీ గాలి సందు పెరిగి, వేడెక్కాక అయస్కాంతం పళ్లేన్ని లాగలేకపోవడమే కారణం. ఫీలర్ గేజి పెట్టి మూడు నట్లనూ ఒకే కొలతకు బిగిస్తే తీరిపోయింది. కొత్త క్లచ్ కొనేముందు సందు, క్లచ్ వైరు ప్లగ్గు దగ్గర ఓల్టేజీ, ఛార్జింగు, ఈ మూడూ చూడాలి. ఇంజిన్ నడుస్తున్నప్పుడు బ్యాటరీ దగ్గర 13.5 నుంచి 14.5 ఓల్టులు రావాలి.

సీటు కింద వైర్లను ముడేసి ఉంటే మాత్రం ఆగి ఆలోచించండి. సీటు స్విచ్చి చెడితే మార్చకుండా వైరు ముడి పెట్టేయడం చాలామందికి అలవాటు. అప్పుడు మనిషి కింద పడ్డా బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి. బ్లేడ్లు ఆన్‌లో ఉండగా సీటు మీంచి కాస్త లేచి చూడండి, ఇంజిన్ ఆగాలి. ఆగకపోతే కొత్త స్విచ్చి వేసుకోవడం మొదటి పని.

వాడకం గురించి రెండు మాటలు. ఒక చక్రాన్ని ఆపి దాని మీదే గిర్రున తిప్పితే గడ్డి వేళ్లతో సహా లేస్తుంది. రెండు చక్రాలూ కదులుతుండగా, కొంచెం వెనక్కి వచ్చి మలుపు తీసుకోవాలి. వాలు 15 డిగ్రీలు దాటితే ఈ బండి పని కాదు. ముందు చక్రాలు ఊరికే తిరిగేవే, స్టీరింగూ బ్రేకూ అన్నీ వెనక చక్రాల పట్టు మీదే. తడి గడ్డి మీద అవి జారాయంటే లివర్లు ఏం చేసినా వినవు. బోల్తా రక్షణ కమ్మీ నిలబెట్టి ఉంటే సీటు బెల్టు పెట్టుకోవాలి. చెట్ల కొమ్మల కింద కమ్మీ మడిచినప్పుడు మాత్రం బెల్టు తీసేయాలి.

పెట్రోల్‌లో ఇథనాల్ 10 శాతం దాటకూడదు. నెలకు మించి ఆపితే పెట్రోల్ పాడవకుండా ఉంచే స్టెబిలైజర్ కలిపి, అది కార్బురేటర్ దాకా పోయేలా ఐదు నిమిషాలు నడిపి ఆపాలి. డెక్ బెల్టు కంపెనీదే తీసుకోండి. అదే పొడవున్న మామూలు బెల్టు ధర సగమే గానీ, తిరగమరగా వంగే పుల్లీల మధ్య త్వరగా సాగి జారుతుంది. పాత బెల్టు తీసేముందు అది ఏ పుల్లీకి ఏ పక్కనుంచి పోతోందో ఫొటో తీసి పెట్టుకోండి.

ఇంజిన్ ఆగిన బండిని తోయాలంటే రెండు బైపాస్‌లూ తెరిచి, పార్కింగ్ బ్రేకు వదిలి, చేత్తోనే తోయాలి. తాడు కట్టి వేరే వాహనంతో లాగితే హైడ్రోలు లోపల దెబ్బతింటాయి. అమ్మేవాళ్లు బండిని ట్రాలీ మీదికి ఎలా ఎక్కిస్తున్నారో చూడండి, ఇన్నాళ్లూ ఎలా వాడారో అక్కడే చాలావరకు తెలిసిపోతుంది.