చెక్క పిడికి సూపర్ గ్లూ పూత: మన తేమలో ఏ సీసా కొనాలి, ఏది వద్దు

చేత్తో చెక్కిన కత్తి పిడికో, సుత్తి దెబ్బ పడని ఉలి పిడికో అద్దంలా మెరిసే పూత కావాలంటే సూపర్ గ్లూ అంత తొందరగా అయ్యేది ఇంకోటి లేదు. మెలమైన్, పీయూ (పాలీయురేథేన్) పాలిష్ అయితే పూతకీ పూతకీ మధ్య గంటలు ఆగాలి. ఇది పొద్దున్న మొదలుపెడితే మధ్యాహ్నానికి పూతలన్నీ పడిపోతాయి. కాకపోతే వీడియోల్లో పైదేశాల వాళ్లు చూపించే సెట్టు, అంటే పలుచటి జిగురు, మధ్యరకం జిగురు, యాక్సిలరేటర్ స్ప్రే (జిగురుని తొందరగా గట్టిపరిచేది), మూడూ కొనేస్తే శ్రీకాకుళం, విజయనగరం గాలిలో మూడోది దండగ.

ఎందుకంటే ఈ జిగురు (సయనోఅక్రిలేట్) ఆరిపోయి గట్టిపడేది కాదు. గాలిలో, చెక్క మీద ఉన్న తేమ తగలగానే గట్టిపడుతుంది. దానికి 40 నుంచి 60 శాతం తేమ చాలు. మన సముద్రపు గాలికి ఏడాదిలో చాలా నెలలు అంతకంటే ఎక్కువే ఉంటుంది. దాని మీద స్ప్రే కూడా కొడితే పైపొర ఒక్కసారిగా బిగుసుకుపోతుంది, కింది పొర వేడెక్కి బుడగలు లేస్తాయి. జిగురు ఆవిరి తేమతో కలిసి పిడి మీదే తెల్లటి పొడిగా దిగుతుంది. పైపైన పడిన తెలుపు రుద్దితే పోతుంది. రెండు పూతల మధ్య చిక్కుకుంటే మాత్రం అక్కడిదాకా గీకి మళ్లీ వేయాల్సిందే. స్ప్రేకి నేనిచ్చే మార్కులు 5కి 2. పగుళ్లలో రంపపు పొట్టు నింపి జిగురు పోసినప్పుడు, డిసెంబరు, జనవరి పొడి రోజుల్లో మాత్రం అడుగు దూరం నుంచి ఒక్క విసురు పనికొస్తుంది.

హార్డ్‌వేర్ కొట్లలో 502 నంబరుతో అమ్మే 20 గ్రాముల సీసా పలుచటి రకం. నీళ్లలా పారి చెక్క రంధ్రాల్లోకి దిగుతుంది. మొదటి రెండు పూతలకి ఇదే సరైనది, 5కి 3.5. దీనితోనే మొత్తం పూత లాగుదామంటే మందం రావడానికి చాలా సార్లు వేయాలి. మందం కావాలంటే మధ్యరకమే, దానికి 5కి 4. కొట్లో లేకపోతే ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి. ఎండీఎఫ్ (చెక్క పీచుని అదిమి చేసే బోర్డు) పనివాళ్ల కోసం స్ప్రేతో కలిపి కిట్టుగా అమ్మే జిగురు బాగా చిక్కన. అతకడానికి భేష్, పూతకి గీతలు, గుట్టలు పడతాయి.

అయిదు అంగుళాల పొడవు, అంగుళం మందం ఉన్న పిడికి టిష్యూ పీల్చుకునేదీ కలిపి ఒకటిన్నర గ్రాము పలుచటిది, మూడు నాలుగు గ్రాముల మధ్యరకం అవుతుంది. కిరాణా కొట్టు అయిదు రూపాయల ట్యూబులో ఉండేది అర గ్రాము. ఒక్క పిడికే పది ట్యూబులు. లెక్క మీరే వేసుకోండి.

చెక్క ఎండి ఉండాలి. పచ్చి తుమ్మ, పచ్చి మామిడితో చేసిన పిడి ఆరేకొద్దీ ముడుచుకుంటుంది, పూత ముడుచుకోదు, చివర్ల దగ్గర పగుళ్లు మొదలవుతాయి. టేకులో నూనె ఉంటుంది కాబట్టి పూతకి ముందే ఎసిటోన్‌తో తుడవాలి. తుడిచిన పావుగంటలోపే మొదటి పూత పడాలి, ఆలస్యమైతే లోపలి నూనె మళ్లీ పైకొస్తుంది. అంకుడు కర్ర సన్నటి పోగు, తక్కువ జిగురు తాగుతుంది, కానీ దాని తెలుపు కాస్త పసుపు తిరుగుతుంది. అది తెలిసే వేయండి.

320 నంబరు గరుకు కాగితం దాకా రుద్ది దుమ్ము దులపండి. లోహపు కట్టుకి మాస్కింగ్ టేప్ చుట్టండి. లేత్ లేకపోయినా పరవాలేదు. పిడి చివర ఒక మేకు దిగ్గొట్టి దాన్ని పట్టుకుని తిప్పుకోవచ్చు. అచ్చు బొమ్మలు లేని తెల్ల టిష్యూని నాలుగు మడతలు పెట్టి, దాని మీద రెండు మూడు చుక్కలు వేసి, పిడి పొడవునా ఒక్కసారి లాగి వదిలేయాలి. వెనక్కి రాకూడదు. వెనక్కి వచ్చారంటే సగం గట్టిపడిన జిగురుకి టిష్యూ అతుక్కుని నూగు మిగులుతుంది. టిష్యూ కింద వేలికి పాలిథిన్ కవరు ముక్క చుట్టుకోండి, ఈ జిగురు పాలిథిన్‌ని సరిగా పట్టుకోదు.

నూలు గుడ్డ మాత్రం వద్దు, అది పొందూరుదైనా సరే. నూలుకి ఈ జిగురు తగిలితే చర్య జరిగి చెయ్యి కాలేంత వేడి పుడుతుంది, పొగ వస్తుంది. నూలు చేతితొడుగులదీ అదే గతి.

పలుచటివి రెండు, మధ్యరకం ఆరు నుంచి ఎనిమిది పూతలు. పూతకీ పూతకీ మధ్య మన వాతావరణంలో అయిదు పది నిమిషాలు చాలు. ముసురు పట్టిన రోజు పని పెట్టుకోకండి. ఫ్యాను దూరంగా, మెల్లగా తిరగాలి, ఆవిరి పిడి మీద నుంచి పక్కకి పోవాలి. ఇది మీ కళ్లకీ మేలే, ఆ ఘాటు తట్టుకోవడం కష్టం. మూడు పూతలకోసారి 400 కాగితంతో గుట్టలు మాత్రం తీయండి.

అన్నీ అయ్యాక ఒక రాత్రి వదిలేసి, నీళ్లతో వాటర్ పేపరు పట్టండి: 600, 800, 1000, 1500, 2000. ఎక్కువ పిడులు పాడయ్యేది 600 దగ్గరే. అంచుల మీద పూత సహజంగానే పలుచన, అక్కడ రెండు రుద్దులు ఎక్కువైతే చెక్క బయటపడుతుంది, నీళ్లు లోపలికి దిగి బూడిద రంగు మచ్చ వస్తుంది. పిడి చివర అడ్డకోత కూడా అంతే, దానికి విడిగా రెండు పూతలు ఎక్కువ వేయాలి. రుద్దేటప్పుడు మెరిసే చుక్కలు కనబడుతున్నాయంటే అవి ఇంకా కాగితం తగలని గుంటలు. ఉపరితలమంతా ఒకే మసక తెలుపు వచ్చేదాకా 800కి వెళ్లకండి. చివర్లో కార్లకి వాడే రబ్బింగ్ కాంపౌండ్ మెత్తటి గుడ్డతో పడితే మెరుపు తేలుతుంది. ఈ దశలో జిగురు గట్టిపడిపోయి ఉంటుంది కాబట్టి నూలు గుడ్డ అయినా ఫర్వాలేదు.

ఏటికొప్పాక లక్కతో పోల్చి అడుగుతుంటారు. లక్క తిరిగే కర్ర మీద రాపిడి వేడికి కరిగి అంటుకుంటుంది. దాని నునుపు, రంగు ఈ జిగురుకి రావు. కానీ లక్క వేడికి మెత్తబడుతుంది, చెమట చేతిలో రోజూ నలిగే పనిముట్టుకి జిగురు పూతే ఎక్కువ కాలం ఆగుతుంది. దీని లోపం పెళుసుతనం. సిమెంటు గచ్చు మీద పడితే పెచ్చు లేస్తుంది. సుత్తి దెబ్బలు తినే ఉలి పిడికి, తడి చేతులతో పట్టే కొడవలికి, చేపలు కోసే కత్తికి ఈ మెరుపు వద్దు, దెబ్బకి పెచ్చు లేస్తుంది, తడికి జారుతుంది. వాటికి అవిసె నూనె చాలు.

సీసా కొనేటప్పుడు అటూ ఇటూ వంచి చూడండి. 502 నీళ్లలా కదలాలి, బద్ధకంగా జరిగితే పాత సరుకు. తెరవనిది ఫ్రిజ్‌లో పెట్టొచ్చు. బయటికి తీశాక గది వేడికి వచ్చేదాకా మూత తీయొద్దు, లేకపోతే లోపల చెమ్మ పట్టి సీసాలోనే బిగుసుకుంటుంది. తెరిచినదాన్ని సిలికా జెల్ పొట్లంతో గాలి చొరని డబ్బాలో నిలువుగా ఉంచండి.