మాట వినపడే బార్: ఆరేళ్ల తర్వాత నా అభిప్రాయం

పెచ్చులూడిన గోడలు, ఊగే స్టూళ్లు, మసక వెలుతురు. ఇలాంటి పాత బార్ ఎలా ఉంటుందో అందరికీ తెలుసు కాబట్టి ఆ వివరాలు వదిలేస్తున్నా. ఇంటి దగ్గరి ఈ బార్‌కి ఆరేళ్లుగా వారానికి రెండు మూడు సాయంత్రాలు వెళ్తున్నాను. నన్ను కట్టిపడేసింది ఒకే ఒక్క విషయం. అక్కడ మామూలు గొంతుతో మాట్లాడితే పక్కవాళ్లకి వినపడుతుంది.

ఒంటరిగా వచ్చినవాళ్లు పక్క స్టూలు కబుర్లలో ఎప్పుడు కలిసిపోయారో వాళ్లకే తెలియదు. ఇల్లు, ఉద్యోగం కాకుండా మనుషులు ఊరికే కలిసి కూర్చునే చోట్లని అమెరికన్ సామాజికశాస్త్రవేత్త రే ఓల్డెన్‌బర్గ్ 'మూడో చోటు' అన్నాడు. 1989లో వచ్చిన ఆయన పుస్తకం ప్రకారం అలాంటి చోట అసలు పని కబుర్లే. అది చదువుతున్నంతసేపూ నా కళ్ల ముందు మా కౌంటర్ ఎడమ చివరే మెదిలింది.

ఆ చివరి స్టూలు బాబాయ్‌ది. అసలు పేరుతో ఆయన్ని ఎవరూ పిలవరు. గడియారాలు బాగుచేసి రిటైరైన మనిషి. గ్లాసు ముందుకు రాగానే అంచు మీద వేలు తిప్పి, ఎక్కడైనా పగులుందేమో చూసుకుని గానీ నోటికి ఆనించడు. ఆయన పక్కన టాక్సీ నడిపే ఒకతను కూర్చునేవాడు. తాగుడు మానేసి మూడేళ్లయినా సోడా కోసం, మా కోసం వస్తాడు. నైట్ డ్యూటీ లేని రోజుల్లో ఒక నర్సు వస్తుంది. తర్వాత నేను. రోజూ కనిపించే బ్యాచ్ అంటే మేమే.

నాలుగో ఏడు ఓనర్ కౌంటర్‌కి అటొకటి ఇటొకటి పెద్ద స్పీకర్లు బిగించాడు. మొదటి వారం నాకూ హుషారుగానే అనిపించింది. తర్వాత గమనిస్తే అందరం అరుస్తున్నాం. చుట్టూ చప్పుడు పెరిగితే మనకు తెలియకుండానే గొంతు పెంచేస్తాం. 1911లో ఎతియెన్ లొంబార్ అనే ఫ్రెంచ్ చెవి డాక్టర్ దీని గురించి రాశాడు, అందుకే దాన్ని ఆయన పేరుతోనే పిలుస్తారు. ఒక టేబుల్ గొంతు పెంచితే పక్క టేబుల్ ఇంకాస్త పెంచుతుంది. ఒకరోజు ఫోన్లో యాప్ పెట్టి చూస్తే 86 డెసిబెల్స్ చూపించింది. మామూలు సంభాషణ 60 దగ్గర ఉంటుంది.

ఆ రోజుల్లోనే ఒక సాయంత్రం టాక్సీ అతను పరుగులాంటి నడకతో వచ్చాడు. "బాబాయ్, మా అమ్మాయికి ఉద్యోగం వచ్చింది!" అన్నాడు. బాబాయ్ అతని భుజం మీద చెయ్యేసి, "పోనీలేరా, బాధపడకు. ఇంకోసారి రాస్తుందిలే" అన్నాడు. అతని మొహంలో నవ్వు ఆగిపోయింది. తాను ఏదో తప్పుగా విన్నానని బాబాయ్‌కి అర్థమైంది. గ్లాసు సగంలో వదిలేసి, డబ్బులు కౌంటర్ మీద పెట్టి వెళ్లిపోయాడు. మర్నాడు రాలేదు. ఆ వారం రాలేదు, పై వారమూ రాలేదు.

నర్సు చెప్పేదాకా నాకు తట్టలేదు. వయసుతో వినికిడి తగ్గేటప్పుడు ముందు సన్నని శబ్దాలు పోతాయట. స, త, క లాంటి హల్లులు జారిపోతాయి. గొంతు వినపడుతుంది గానీ మాట తెలియదు. చుట్టూ గోల ఉంటే ఆ కాస్త కూడా మునిగిపోతుంది. "ఆయన ఎప్పుడూ ఎడమ చివరే ఎందుకు కూర్చుంటాడనుకున్నావ్? కుడి చెవి మన వైపు ఉండాలని" అంది. నాలుగేళ్లు అదే వరసలో కూర్చున్నాను. ఆ సంగతి నేను చూడనేలేదు.

ముగ్గురం వెళ్లి ఓనర్‌ని అడిగాం. "కొత్త జనం వస్తున్నారు కదా" అన్నాడు. అదీ నిజమే, శనివారాలు నిలబడటానికి చోటుండేది కాదు. చివరికి రాత్రి తొమ్మిది దాకా మ్యూజిక్ తగ్గిస్తానని, ఎడమ స్పీకర్ పూర్తిగా తీసేస్తానని ఒప్పుకున్నాడు. కౌంటర్‌లో ఉండే అన్న మా ముందే దాని వైరు పీకి, చేతికి చుట్టి సొరుగులో పడేశాడు. టాక్సీ అతను బాబాయ్ ఇంటికెళ్లి వెంటబెట్టుకొచ్చాడు. ఆయన కూర్చుని, కాసేపు అటూ ఇటూ చూసి, "ఏంటమ్మా, ఈ పక్క పాట లేదా?" అని నర్సుని అడిగాడు. "లేదు బాబాయ్" అంది. ఆయన గ్లాసు అంచు మీద వేలు తిప్పాడు.

అందుకే పైన రాసిన 'వినపడుతుంది' అనే మాటని కొంచెం సరిచేయాలి. తొమ్మిదిలోపు, ఎడమ వైపు కూర్చుంటేనే. పీపా నుంచి పైపుల్లో వచ్చే డ్రాఫ్ట్ బీర్ జోలికి ఇప్పుడు వెళ్లను. ఆ పైపులు రెండు వారాలకోసారి కడగాలంటారు, ఇక్కడి గ్లాసులో ఒకటి రెండుసార్లు పులుపు తగిలింది. సీసా అడుగుతాను, అదీ గోధుమరంగుదైతేనే. పచ్చ సీసాలో వెలుతురు తగిలి బీర్ కంపు కొడుతుంది. టాయిలెట్ గురించి మంచి మాట ఏమీ చెప్పలేను.

ఇంకొకటి. కలిసిపోతారు అన్నాను గానీ అందరికీ అంత తేలిక కాదు. తలుపు తెరుచుకుంటే తలలన్నీ అటే తిరుగుతాయి. తనకి కుదురుకోవడానికి ఏడాది పట్టిందని నర్సే చెప్పింది. మందుబిళ్లలు వాడుతూ నేను రెండు నెలలు తాగడం మానేసినప్పుడు, "ఒక్కటేగా" అని బలవంతపెట్టింది కూడా ఈ చనువే. టాక్సీ అతను ఏమీ అనకుండా నా ముందు సోడా పెట్టాడు.

నేను ఒంటరిగా ఉంటాను, నడిచి వెళ్లి నడిచే వస్తాను, రెండు గ్లాసులతో ఆపుతాను. నా వరకు ఇది మంచి చోటు. బండి మీద వెళ్లాల్సినవాళ్లకి, ఒకటితో ఆగలేనివాళ్లకి ఇదే మాట చెప్పను. మద్యం విషయంలో సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో చెప్పింది, అది నాకూ వర్తిస్తుంది.

ఇప్పుడు ఎడమ నుంచి రెండో స్టూలు నాది. తొమ్మిదికి ఐదు నిమిషాలుందనగా బాబాయ్ లేస్తాడు, ఆయనతో పాటు నేనూ లేస్తాను.