మోడల్ విమానం మీద వార్నిష్: అక్రిలిక్కా, లాకరా, ఎనామెలా?

నెల రోజులు కూర్చుని కట్టిన 1/48 (అసలు విమానంలో 48వ వంతు) స్పిట్‌ఫైర్ యుద్ధ విమానం మోడల్ మీద నా కళ్ల ముందే తెల్లటి పొగమంచు కమ్మేసింది. వాన పడుతున్న సాయంత్రం దాని మీద మ్యాట్ (మెరుపు లేని) లాకర్ వార్నిష్ స్ప్రే కొట్టాను, గాలిలో తేమ పని పాడు చేసింది. అప్పటి నుంచి రంగు కన్నా వార్నిష్ గురించే ఎక్కువ ఆలోచిస్తాను.

ఏది మేలన్నది ఆ పొర మీద తర్వాత ఏం చేస్తామన్న దాన్ని బట్టి ఉంటుంది. మ్యాట్ రంగు చేతికి నునుపుగా తగిలినా నిజానికి గరుకు. దాని మీద నేరుగా డెకాల్ (గుర్తులు, అంకెలు ముద్రించిన పలచని స్టిక్కర్) అతికిస్తే సన్నని గుంటల్లో గాలి చిక్కి వెండిలా మెరుస్తుంది. అందుకే ముందు గ్లాసీ (మెరిసే) వార్నిష్ పొర కావాలి.

ఈ పొరకు నా ఓటు లాకర్‌కే. పలచగా పరుచుకుంటుంది, త్వరగా ఆరి గట్టిపడుతుంది, విమానం రేకుల అతుకులను చూపే ప్యానెల్ గీతలు పూడిపోవు. దాని మీద ఎనామెల్ వాష్ (గీతలు ఎత్తి చూపడానికి పూసే పలచటి ముదురు రంగు) పూసి, వైట్ స్పిరిట్ అనే థిన్నర్‌తో తుడిచినా చెక్కుచెదరదు. కానీ ఆవిరి ఘాటైనది. గాలి బయటికి పోయే ఏర్పాటు, ఆవిర్లను ఆపే ఫిల్టర్ మాస్క్ లేకుండా దాని జోలికి వెళ్లకండి. కింద ఎనామెల్ రంగు పూర్తిగా ఆరకపోతే అది ముడతలు పడుతుంది కూడా.

ఇంట్లో చిన్నపిల్లలుంటే నీళ్లతో కలిపే అక్రిలిక్ మంచిది. వాసన తక్కువ, కడగడం తేలిక. ఇబ్బందల్లా ఓపికతోనే. అరగంటలో ఆరినట్టు కనిపించినా లోపల మెత్తగానే ఉంటుంది, తొందరపడి టేపు అంటిస్తే రంగుతో సహా లేచి వస్తుంది. నేను కనీసం ఒక రోజు ఆగుతాను. టమియా కంపెనీ గ్లాసీ వార్నిష్ ఎక్స్-22 లాకర్‌కూ దీనికీ మధ్యస్థం. అక్రిలిక్కే అయినా లాకర్ థిన్నర్‌తో పలచన చేస్తే అద్దంలా పరుచుకుంటుంది.

ఎనామెల్ నిదానంగా ఆరుతుంది కాబట్టి కుంచె గీతలు వాటంతటవే సర్దుకుంటాయి. ఎయిర్‌బ్రష్ (రంగు చిమ్మే చిన్న తుపాకీ) లేనివాళ్లకు అది వరం. అయితే కాలం గడిచేకొద్దీ పసుపెక్కుతుంది, తెల్ల విమానాలకు వద్దు. పైగా ఎనామెల్ వాష్ తుడిచే వైట్ స్పిరిట్ ఈ పొరనూ కరిగించవచ్చు.

చివరి పొరకు మ్యాటే వేయాలన్న నియమం ఏమీ లేదు. అమెరికా నౌకాదళం 1944 నుంచి తన యుద్ధ విమానాలకు నిగనిగలాడే ముదురు నీలం వేసింది. అలాంటి కోర్సైర్ విమానాన్ని పూర్తి మ్యాట్ చేస్తే దాని అందం పోతుంది, సాటిన్ (కొద్దిపాటి మెరుపు) చాలు. రంగు వేయకుండా లోహపు మెరుపుతో వదిలిన ముస్టాంగ్ విమానం మీద అయితే మ్యాట్ అసలు వేయను. మ్యాట్ వేసేటప్పుడు సీసా బాగా కలపండి, మెరుపు తగ్గించే పొడి అడుక్కి చేరుతుంది. కాక్‌పిట్ అద్దం మీది మాస్కింగ్‌ను మాత్రం ఈ పొర ఆరాకే తీయండి.